లారీ డ్రైవర్‌ను పెట్టుకునే ముందు పాత రికార్డు ఎలా చూడాలి?

కొత్తగా లారీ కొన్నారు, వచ్చే డ్రైవర్ మీద ఇదివరకు ఏమేం కేసులు, చలాన్లు ఉన్నాయో ఎక్కడ తెలుస్తుందని అడిగారు. విజయవాడ ఆటోనగర్ నుంచి చెన్నై వైపు లోడ్లు పంపే అనుభవంతో చెబుతున్నాను.

ముందు లైసెన్స్. లైసెన్సుల వివరాలుండే ప్రభుత్వ సైట్ సారథి పోర్టల్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే అది అమల్లో ఉందా, సస్పెన్షన్‌లో ఉందా తెలిసిపోతుంది. అక్కడ గడువు తేదీలు రెండుంటాయి, సొంత బండ్లకు నాన్-ట్రాన్స్‌పోర్ట్ ఒకటి, లారీల్లాంటి కిరాయి బండ్లకు ట్రాన్స్‌పోర్ట్ ఒకటి. మనకు కావాల్సింది ట్రాన్స్‌పోర్ట్ తేదీ. అది 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. జిరాక్స్ చూసి తాళం ఇచ్చేయకండి. సరైన లైసెన్స్ లేని మనిషికి తెలిసి బండి ఇచ్చాక యాక్సిడెంట్ అయితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టినా ఆ డబ్బు తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు.

అసలు చిక్కంతా చలాన్లతోనే. కెమెరా పట్టిన చలాన్ బండి నంబరు మీద పడుతుంది. డ్రైవర్ బండి దిగి ఇంకో ఓనరు దగ్గరికి వెళ్తే అదేదీ అతని వెంట వెళ్లదు. ఈ-చలాన్ పరివాహన్ సైట్‌లో లైసెన్స్ నంబరుతో వెతకొచ్చు, వెతకండి కూడా. కానీ అక్కడ ఖాళీగా కనిపించిందని నమ్మడానికి లేదు. అందుకే అతను ఇదివరకు తోలిన బండ్ల నంబర్లు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా తోలాడో అడిగి, ఆ నంబర్లతో చలాన్లు తీస్తాను. పాత ఓనరుకు ఫోన్ చేసి, "ఇప్పుడొస్తే మళ్లీ బండి ఇస్తారా?" అని ఒక్క మాటే అడుగుతాను. నసిగారంటే అర్థమైపోతుంది.

మొదటి లోడుకు పక్కన కూర్చుని వెళ్లండి. దిగుడులో డీజిల్ మిగల్చడానికి గేరు తీసి న్యూట్రల్ చేసేవాడైతే ఏ పోర్టల్ ఏం చెప్పినా నేను పెట్టుకోను. లోడు బండి ఆ ఊపులో బ్రేకులకు ఆగదు.

ఇక మీ దగ్గర చేరాక రికార్డు మీరే రాయాలి. ట్రిప్ షీట్‌లో స్టీరింగ్ మీద ఎవరున్నారో, ఇద్దరుంటే ఎక్కడ మారారో సంతకంతో రాయించండి. చలాన్ రాగానే దాని టైము, జీపీఎస్ చూసి ఎవరి ఖాతాలో పడాలో తేల్చండి. ఓవర్‌లోడ్ చలాన్ మాత్రం డ్రైవర్ మీద వేయొద్దు. 20,000 జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. లోడు ఒప్పుకున్నది మనం, బత్తాలో కోసేది అతనికి అంటే అది అన్యాయం. నిద్ర లేకుండా తోలించి స్పీడు చలాన్ అతని పేరున రాయడమూ అంతే.