బీపీ మాత్ర, సాయంత్రానికి కాళ్ల వాపు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 56. రెండు నెలల క్రితం ఆమ్లోడిపిన్ మాత్రను 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెంచారు. అప్పటినుంచి సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచి, కాలి పట్టీలు చర్మంలో అచ్చు పడుతున్నాయి. మాత్ర మానేయవచ్చా?

జవాబు: మీ అంతట మీరు మానవద్దమ్మా, బీపీ మళ్లీ పెరుగుతుంది. ఈ మందు సన్నని ధమనులను వెడల్పు చేసినంతగా సిరలను చేయదు కనుక, రక్తనాళాల్లోని ద్రవం బయటికి ఊరి, పగలంతా నిలబడి పనిచేసేవారికి చీలమండల దగ్గర చేరుతుంది. మోతాదు పెరిగితే వాపూ పెరుగుతుంది; నీరు తీసే మాత్రలతో ఇది పెద్దగా తగ్గదు. డాక్టరు గారు మోతాదు తగ్గించి, టెల్మిసార్టాన్ వంటి మరో బీపీ మందు జతచేయవచ్చు.

అయితే మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి నెపమంతా మాత్ర మీదే వేయకుండా క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు ముందుగా చేయించుకోండి. వాపుకని మందుల షాపులో నొప్పి మాత్రలు కొనకండి. అవి బీపీని పెంచడమే కాక కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ఉదయాన ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.