పల్లె పాటకి, పిట్ట కూతకి ఏ రికార్డర్ కొనాలి?

ఈ నెల పాఠకుల ప్రశ్నలన్నీ స్టూడియో బయట చేసే రికార్డింగ్ గురించే. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాయనమ్మకి ఎనభై దాటాయి. దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు కలిపి నలభై దాకా వచ్చు. దసరాకి ఊరెళ్లినప్పుడు అన్నీ రికార్డు చేసుకోవాలని ఉంది. మూడు వేలకు మించి పెట్టలేను. ఫోన్ సరిపోతుందా? (పాఠకురాలు, తెనాలి)

సరిపోతుంది. మూడు వేలకి మంచి రికార్డర్ రాదు. ఆ ధరకి వాయిస్ రికార్డర్ అని అమ్మే పెన్‌డ్రైవ్ లాంటి బుల్లి పరికరాల కన్నా మీ ఫోనే నయం. కాకపోతే దాన్ని ముందు కాస్త దారికి తెచ్చుకోవాలి. ఫోన్‌లో ఉండే రికార్డర్ యాప్ మాటల కోసం తయారైంది. మాట చుట్టూ ఉన్న రొదని తగ్గించడం దాని పని. పాట చివర నాయనమ్మ గొంతు సన్నగా సాగుతుంటే, దాన్ని కూడా రొదే అనుకుని మింగేస్తుంది. ఆండ్రాయిడ్ అయితే ఈజీ వాయిస్ రికార్డర్ లాంటి యాప్ వేసుకుని, ఫార్మాట్‌ని వేవ్ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు రకం), శాంపిల్ రేటుని (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలనే అంకె) 48 కిలోహెర్ట్జ్ చేయండి. నాయిస్ సప్రెషన్ (రొద తగ్గింపు), ఆటోమేటిక్ గెయిన్ (శబ్దం లెవల్ దానంతటదే మారడం) అని కనిపించిన ప్రతి మీటనీ ఆపేయండి. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగుల్లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చండి. రెండింటిలోనూ ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. పాట మధ్యలో పెళ్లి పిలుపు ఫోన్ వస్తే ఇక చేసేదేమీ ఉండదు.

ఉన్న డబ్బుని చిన్న ట్రైపాడ్, ఫోన్ క్లాంప్, వైరున్న కాలర్ మైకు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి. మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలుండాలి. రెండే ఉంటే అది కెమెరాకి చేసిన మైకు. ఫోన్ దాన్ని గుర్తించదు, తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది. ఇంటికొచ్చి వినేదాకా ఆ సంగతి తెలియదు. అందుకే మొదలుపెట్టే ముందు మైకు తలని గోటితో గీకి వినండి. గరగర వినిపిస్తేనే అది పనిచేస్తున్నట్టు. మైకుని గడ్డానికి జానెడు కింద, పమిట మడత బయటికి బిగించండి. గొలుసులు, నల్లపూసలు దానికి తగలకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం గది. నాపరాళ్లో టైల్సో పరిచిన ఖాళీ హాల్లో పాడిస్తే బావిలో పాడినట్టుంటుంది. మంచం, పరుపు, బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చోబెట్టండి. ఎదురుగా ఉన్న గోడకి ఒక బొంత వేలాడదీయండి. ఫ్యాన్ ఆపాలి కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. ఫ్రిజ్ కూడా ఆపండి. మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నవ్వులాటకి చెప్పడం లేదు, బయట రికార్డింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే ఇది.

ప్రతి పాటకి ముందు తేదీ, ఊరు, ఆమె పేరు, పాట మొదటి పాదం మీ గొంతుతో చెప్పండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆమె చేతే చెప్పించండి. ఇంట్లోవాళ్లకి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఆడియోగా పంపితే నాణ్యత తగ్గొచ్చు.

ప్రశ్న: పది పన్నెండు వేలలో జూమ్ హెచ్1 ఎసెన్షియల్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ చూశాను. ఏది తీసుకోవాలి? 32 బిట్ ఫ్లోట్ అంటే ఏమిటి, అది లేకపోతే నష్టమా? (పాఠకుడు, కరీంనగర్)

ఈ రెండింటి మధ్య అసలు తేడా మైకుల్లో ఉంది. జూమ్‌లో రెండు మైకులు ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా ఉంటాయి. అవి ముందున్న శబ్దాన్ని ఎక్కువగా, వెనకదాన్ని తక్కువగా తీసుకుంటాయి. టాస్కామ్ 05ఎక్స్ మైకులు అన్ని దిక్కుల నుంచీ సమానంగా తీసుకుంటాయి. ఎదురుగా కూర్చున్న మనిషినో బృందాన్నో రికార్డు చేయాలంటే జూమ్ మేలు. చెరువు గట్టు, సంత, వాన చప్పుడు లాంటి పరిసరాల కోసమైతే టాస్కామ్ తీసుకోండి. అన్ని దిక్కులూ వినే మైకు గాలికీ చేతి రాపిడికీ అంత తొందరగా బెదరదు.

ఇక 32 బిట్ ఫ్లోట్. మామూలు 24 బిట్ రికార్డింగులో గరిష్ఠ గీత సున్నా డెసిబెల్. శబ్దం దాన్ని దాటితే కొసలు తెగిపోతాయి, తెగినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా అతకలేదు. ఫ్లోట్‌లో గీత దాటినా కంప్యూటర్‌లో కిందికి దించుకోవచ్చు. అందుకే హెచ్1 ఎసెన్షియల్‌కి రికార్డింగ్ లెవల్ పెట్టుకునే చక్రమే లేదు. కొత్తవాళ్లకి ఇది నిజంగా పెద్ద సాయం. అయితే అది కాపాడేది ఫైలునే, మైకుని కాదు. ఆ మైకు తట్టుకునేది 120 డెసిబెల్స్ దాకా. డప్పు పక్కనే పెడితే మైకే పగిలిన శబ్దం ఇస్తుంది, ఫ్లోట్ ఆ పగిలిన శబ్దాన్నే నమ్మకంగా దాచిపెడుతుంది. 05ఎక్స్‌లో ఫ్లోట్ లేదు. దాని తరవాత వచ్చిన 05ఎక్స్‌పీలో ఉంది.

ఫ్లోట్ లేకపోతే కొంప మునగదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుని, అతి పెద్ద శబ్దం దగ్గర లెవల్ మీటర్ ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు. కార్డు లెక్క ఇదీ: స్టీరియోలో 24 బిట్‌కి గంటకి సుమారు 1 జీబీ, ఫ్లోట్‌కి దాదాపు 1.4 జీబీ. 32 జీబీ కార్డులో మొదటి రకం 30 గంటలు, రెండోది 23 గంటలు పడుతుంది.

మీ పన్నెండు వేలలో గాలి గరగరని ఆపే బొచ్చు తొడుగుకీ హెడ్‌ఫోన్స్‌కీ కలిపి రెండు వేలు ముందే పక్కన పెట్టండి. వాటికి మిగలకపోతే ఇంకాస్త చవక రికార్డరే కొనండి. తొడుగు లేని ఖరీదైన రికార్డర్ కన్నా తొడుగున్న చవకది బయట మెరుగ్గా పనిచేస్తుంది.

ప్రశ్న: మా ఊరి బుర్రకథ దళాన్ని రికార్డు చేశాను. గుమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం పగులుతోంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య జనం గోల ఉబ్బి పైకొస్తోంది. రికార్డర్ మార్చాలా? (పాఠకుడు, బాపట్ల జిల్లా)

మార్చక్కర్లేదు. ఆ ఉబ్బడమే అసలు సంగతి చెబుతోంది: మీ రికార్డర్ ఆటో లెవల్‌లో ఉంది. గుమ్మెట మోగగానే అది లెవల్ తగ్గిస్తుంది. అయితే అది మేలుకునేలోపే మొదటి దెబ్బ పగిలిపోతుంది. దెబ్బ ఆగగానే నిశ్శబ్దాన్ని పెంచే ప్రయత్నంలో జనాన్ని పైకి లాగుతుంది. ఆటో ఆపేయండి. కథ మొదలయ్యే ముందు వంతలిద్దరినీ యుద్ధఘట్టం వాయింపు ఒక నిమిషం వాయించమనండి. అడిగినప్పుడు ఎవరూ పూర్తి బలంతో వాయించరు. కాబట్టి అప్పుడు మైనస్ 18 దగ్గర ఉండేలా పెట్టండి, కథ వేడెక్కాక అదే మైనస్ 12 దాకా చేరుతుంది. లెవల్ తక్కువైతే తరవాత పెంచుకోవచ్చు.

బుర్రకథకీ అడ్డంగా దాటే స్టీరియో మైకులకీ భలే జోడీ కుదురుతుంది. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ వంతలు. రికార్డర్‌ని కథకుడికి ఎదురుగా, ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో, అతని నోటికన్నా అడుగు ఎత్తున స్టాండు మీద పెట్టి, కొద్దిగా కిందికి వంచండి. అంత ఎత్తులో ముందు వరస తలలు అడ్డం రావు. గుమ్మెట మరీ మింగేస్తుంటే లెవల్ ముట్టుకోకండి, వంతల్ని అరడుగు వెనక్కి జరగమనండి. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క అడుగు అటూ ఇటూ జరగడంతో వచ్చే మార్పు, రెట్టింపు ధర రికార్డర్‌తో కూడా రాదు. బొటనవేలి అందె గలగల వినిపించాలంటే మాత్రం రెండు మీటర్లు దాటకండి.

దళం మైకు సెట్టు వాడుతుంటే స్పీకరు ముందు రికార్డర్ పెట్టడం దండగ. సౌండ్ సర్వీసు వాళ్ల మిక్సర్ నుంచి లైన్ అవుట్ (శబ్దాన్ని వైరులో నేరుగా బయటికిచ్చే దారి) అడగండి. దాన్ని నేరుగా 3.5 మిల్లీమీటర్ల మైకు రంధ్రంలో గుచ్చితే మళ్లీ పగులుతుంది. మధ్యలో 20 నుంచి 40 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ కావాలి.

ప్రశ్న: కొల్లేరు దగ్గర ఉదయం పిట్టల్ని రికార్డు చేస్తే వెనక సుయ్ మంటూ ఒకటే శబ్దం. ఎడిటింగ్‌లో తీసేస్తే పిట్టలు నీళ్లలోంచి కూసినట్టున్నాయి. (పాఠకుడు, కైకలూరు)

ఆ సుయ్ మనేది మైకు సొంత రొద. దగ్గర్లో మాట్లాడే మనిషిని పట్టేటప్పుడు అది వినపడదు. వంద అడుగుల దూరంలోని పిట్ట కోసం లెవల్ పెంచితే అదీ పెరుగుతుంది. చిన్న రికార్డర్లలోని మైకులు ఈ పనికి చాలవు. కొనేటప్పుడు సెల్ఫ్ నాయిస్ అంకె చూడండి, 15 డెసిబెల్స్‌కి తక్కువ ఉండాలి. అందులో చవకైన దారి ప్రిమో ఈఎం272 అనే చిన్న మైకు గుళికలు. వాటి సొంత రొద 14 డెసిబెల్స్. శబ్దాన్ని కూడా బలంగా ఇస్తాయి కాబట్టి చవక రికార్డర్‌లోని ఆంప్లిఫయర్ రొద వాటి కింద అణిగిపోతుంది. జత విడిగా కొని టంకం వేసుకోవచ్చు, 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో తయారైనవీ దొరుకుతాయి. రికార్డర్ మెనూలో ప్లగిన్ పవర్ (పిన్ను ద్వారా మైకుకి అందే కాస్త కరెంటు) ఆన్ చేయకపోతే మాత్రం అవి మూగవే. రెండింటినీ ఒక చెట్టు మానుకి అటొకటి ఇటొకటి కట్టండి. మాను అడ్డుండటంతో ఎడమ, కుడి చక్కగా విడిపోతాయి.

ఒకే పిట్టని పట్టాలంటే పారాబోలిక్ గొడుగు ఉంది, దూరపు శబ్దాన్ని పోగేసి మధ్యలోని మైకుకి అందించే గిన్నె లాంటిది. 55 సెంటీమీటర్ల గొడుగు సుమారు 600 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దాల్నే బాగా పోగేస్తుంది. కోయిలకి పనికొస్తుంది, జెముడుకాకి ఊప్ ఊప్ కూతకి దాదాపు దండగ.

రికార్డర్‌ని వదిలేసి దూరంగా వెళ్లేటట్టయితే పవర్ బ్యాంక్‌ని నమ్మకండి. రికార్డర్ వాడే కరెంటు మరీ తక్కువ కావడంతో, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. ఎడిటింగ్‌లో నాయిస్ రిడక్షన్ ఆరు డెసిబెల్స్ దాటించకండి. నీళ్లలో పిట్ట అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: స్పాంజి తొడుగు వేసినా గాలి గరగర పోవడం లేదు. (పాఠకురాలు, అనంతపురం)

స్పాంజి నోటి ఊపిరిని ఆపుతుంది, అనంతపురం గాలిని కాదు. దాని మీద పొడవు బొచ్చు గుడ్డ కావాలి. బొచ్చు గాలి వేగాన్ని విరుస్తుంది, లోపల కదలని గాలి పొర ఒకటి మిగులుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే రెండు టీ జల్లెడల గిన్నెల్ని ఎదురెదురుగా కట్టి, మధ్యలో మైకు గుళికని తీగతోనో రబ్బరు బ్యాండుతోనో గిన్నెకి తగలకుండా వేలాడదీయండి. బొమ్మల గుడ్డలమ్మే చోట మూడు సెంటీమీటర్ల బొచ్చున్న గుడ్డ కొని పైన తొడగండి. కొనేముందు గుడ్డ వెనక నోరు పెట్టి ఊదండి. ఊపిరి సులువుగా దాటకపోతే వెనక ప్లాస్టిక్ పూత ఉన్నట్టే. అది తాళాల మెరుపునీ పిట్టల కూతల పైస్థాయినీ తినేస్తుంది. జిగురుతో అతికించినా అదే ఫలితం, దారంతో కుట్టండి. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా కింది స్థాయి శబ్దాల్ని తగ్గించే మీట) పెట్టడం మంచిదే కానీ, మైకు అప్పటికే గాలికి ఉక్కిరిబిక్కిరై ఉంటే అది కాపాడలేదు. నేలకి దగ్గరగా గాలి తక్కువ. స్టాండు దించి చూడండి.

ప్రశ్న: రెండు గంటల ఇంటర్వ్యూ చివర్లో బ్యాటరీ అయిపోయింది. ఫైలు సున్నా అని చూపిస్తోంది. పోయినట్టేనా? (పాఠకుడు, ఖమ్మం)

చాలావరకు పోలేదు. వేవ్ ఫైలు నిడివి దాని తలభాగంలో రాసి ఉంటుంది. స్టాప్ నొక్కినప్పుడే రికార్డర్ ఆ అంకెని సరిచేస్తుంది. అది జరగలేదు కాబట్టి కంప్యూటర్‌కి సున్నా కనిపిస్తోంది, లోపలి శబ్దం కార్డులోనే ఉంది. ఆ కార్డు మీద ఇంకేమీ రికార్డు చేయకండి, ఫార్మాట్ అడిగితే వద్దనండి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫైలుని వేరే డిస్కులోకి లాగండి. తరవాత అడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఇంపోర్ట్ కింద రా డేటా ఎంచుకుని, మీరు రికార్డు చేసిన అంకెలే ఇవ్వండి: 24 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, స్టీరియో, 48000. అంతా హోరుగానే వినిపిస్తే ఆరంభ ఆఫ్‌సెట్‌ని ఒకటి, రెండు బైట్లు జరపండి. మూడు జరిపితే ఎడమ, కుడి తారుమారవుతాయి. నాయనమ్మ తాతయ్యలా మాట్లాడుతుంటే శాంపిల్ రేటు తప్పు ఇచ్చారని అర్థం.

ఇకముందు ప్రతి అరగంటకీ ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి. కిరాణా కొట్టులో గోడ గడియారానికి అమ్మే చవక సెల్స్ రికార్డర్‌లో తొందరగా చతికిలపడతాయి. ఆల్కలైన్ కొనండి, లేదా రీచార్జబుల్ వేసి మెనూలో బ్యాటరీ రకాన్ని నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి మార్చండి. మార్చకపోతే మీటర్ చూపేది తప్పు. కొత్త కార్డుని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కార్డు పరీక్ష ప్రోగ్రాంతో ఒకసారి నింపి చూడండి. 64 అని రాసుండి లోపల 8 జీబీయే ఉన్న నకిలీలు మార్కెట్లో ఉన్నాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ రికార్డర్ కొనేటప్పుడు ఏం చూడాలి? (పాఠకుడు, బరంపురం)

ముందు బ్యాటరీ అర తెరవండి. స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే సెల్ కారినట్టు, వదిలేయండి. మైకు జాక్‌లో పిన్ను పెట్టి మెల్లగా తిప్పుతూ హెడ్‌ఫోన్స్‌లో వినండి, చిటపటలు రాకూడదు. తరవాత తలుపులు మూసిన గదిలో లెవల్ బాగా పెంచి నిమిషం పాటు నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, ఎడమ, కుడి రెండింట్లో రొద సమానంగా ఉందో లేదో పోల్చండి. ఒకవైపు ఎక్కువుంటే ఆ మైకు తేమకి పాడై ఉంటుంది. చేపలెండబెట్టే తీరంలో వాడినవైతే ఈ పరీక్ష రెండుసార్లు చేయండి.