టెంక దాచుకో, అమ్మాయ్

చి॥ మాధవికి పెదనాన్న దీవించి రాయునది.

స్పెయిన్‌లోని కోర్డోబాలో ఆలివ్ రకాల మీద పరిశోధనకు సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. చాలా సంతోషం. నేను ముప్పై ఏళ్లు మామిడి తోటల్లో తిరిగినవాణ్ని, మధ్యలో ఒక్క పంటకాలం అక్కడి తోటలు చూశానంతే. ఆ మాత్రానికే సలహాలా అని నవ్వకు.

అక్కడ 1970 నుంచి పోగేస్తున్న ఆలివ్ బ్యాంకు ఉంది. దేశదేశాల చెట్లు వరసల్లో ఉంటాయి. పలకల మీది పేర్లు చూసి మురిసిపోకు. మన బంగినపల్లిని ఒకచోట బేనిషాన్ అంటారు, ఇంకోచోట సఫేదా అంటారు, చెట్టు ఒకటే. వాళ్ల పికువాల్ అనే ఆలివ్ రకానికీ అలాగే కొన్ని ఊళ్లలో మార్తెన్యో అని పేరు. మంజానియా అనే రకానిది దీనికి తిరగబడ్డ తంటా. ఆ మాటకు చిన్న ఆపిల్ అని అర్థం. కాయ గుండ్రంగా కనబడితే చాలు, ఎవరి చెట్టుకు వాళ్లు అదే పేరు పెట్టేసుకున్నారు. సెవిల్యా మంజానియా వేరు, కాసెరెస్ మంజానియా వేరు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం అన్నీ రసాలే గానీ ఒకటి కావుగా!

కాబట్టి రైతు చెప్పిన పేరు రాసుకో, పక్కన టెంకలు కూడా పెట్టుకో. కాయ సైజు నీటిని బట్టి, రంగు నెలను బట్టి మారతాయి. టెంక అంత తొందరగా మారదు. ఓ నలభై కాయల గుజ్జు తీసి, కడిగి, ఆరబెట్టు. కొనకు మొన ఉందా, గాడులు ఎన్ని, రెండు పక్కలా సమంగా ఉందా చూడు. డీఎన్ఏ పరీక్ష ఎలాగూ చేస్తారు, కానీ తప్పు ఆకు ఇస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

నేనే ఇచ్చాను. హాయెన్ దగ్గర ఓ ముసలి చెట్టు, కొమ్మలన్నీ ఎత్తులో. బద్ధకించి చెట్టు మొదలు దగ్గర లేచిన పిలక ఆకులు తెంపి కవర్లో వేశాను. అడవి ఆలివ్ అని జవాబొచ్చింది! అడవి మొక్క మీద అంటు కట్టిన చెట్టది, నేను తెంపింది కింది మొక్క ఆకు. ఆకూ కాయా ఒకే కొమ్మ నుంచి తీసుకో. నిచ్చెన అడగడానికి మొహమాటపడకు.

గట్టున ఒంటరిగా, పేరు లేకుండా నిలబడ్డ చెట్టును దాటి పోవద్దు. ఆలివ్‌లో చాలా రకాలు సొంత పుప్పొడితో సరిగా కాయవు, గాలి తెచ్చిన పరాయి పుప్పొడి కావాలి. అందుకే పిట్ట వదిలిన గింజ నుంచి లేచిన చెట్టు తల్లిలా ఉండదు. అంటు చెట్లో, అన్నీ ఒకే చెట్టుకు నకళ్లు. ఇటలీలో పుల్యా ప్రాంతం సంగతి చదివే ఉంటావు. 2013లో జైలెల్లా బ్యాక్టీరియా బయటపడ్డాక అక్కడి ఓల్యరోలా, చెల్లీనా రకాల చెట్లు తోటలకు తోటలే ఎండిపోయాయి. లెచ్చీనో రకం మాత్రం చాలావరకు తట్టుకుంది. అయినా ఇప్పుడు మిషను కోతకు వీలని ఎక్కడ చూసినా ఆర్బెకీనా రకాన్నే కంచెల్లా నాటుతున్నారు. నాకది నచ్చదు.

కవర్ల మీద పెన్సిల్‌తో రాయి, మంచుకు సిరా కారిపోతుంది. నా రెండు మంజానియాల టెంకలు బల్ల సొరుగులో అగ్గిపెట్టెల్లో ఉన్నాయి. వెళ్లేలోపు వచ్చి పట్టుకుపో.

మీ పెదనాన్న