మూడు నెల్లు ఆగి చూద్దాం అన్నరు, అప్పటిదాక ఎట్ల?

ప్రశ్న: అక్కా, మా అమ్మకు కుడి రొమ్ముల క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయినయ్. మొన్న సీటీ స్కాన్ల కుడి ఊపిరితిత్తిల 5 మిల్లీమీటర్ల గడ్డ కనవడ్డది, ఏందో ఇప్పుడే చెప్పలేం, మూడు నెల్లకు మళ్ల స్కాన్ తీద్దాం అన్నరు డాక్టర్. తమ్ముడేమో వెంటనే హైదరాబాద్‌ల పెట్ స్కాన్ చేయిద్దాం అంటుండు. అమ్మకైతే ఏం చెప్పలె. మేడారంల ఎత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇస్తనని మొక్కుకున్నది, ఎప్పుడు పోదామంటే దాటేస్తున్న. రాత్రిళ్లు ఆ రిపోర్టే చూస్కుంట కూసుంటున్న.
– ఒక బిడ్డ, హనుమకొండ

జవాబు: చెల్లె, ఆగుదాం అన్నరంటే డాక్టర్ పట్టించుకోలేదని కాదు. ఇంత చిన్న గడ్డలు ఊపిరితిత్తులల్ల చానా మందికి ఉంటయి, ఎప్పుడో వచ్చి మానిన టీబీ మచ్చ కావచ్చు, నిమోనియా గుర్తు కావచ్చు, రొమ్ముకు రేడియేషన్ ఇస్తే ఆ పక్క ఊపిరితిత్తికి కూడా కొంత తగిలి మచ్చలు పడ్తయి. క్యాన్సర్ కూడా కావచ్చు, అది నీకు దాచను, అమ్మకు ముందే ఉన్నది గాబట్టే వదిలెయ్యకుండ మళ్ల చూద్దామంటున్నరు. మరి ఇప్పుడే ఎందుకు తేల్చరంటే అది పెసరగింజంత, సూది పెట్టి ముక్క తీసుడు కష్టం, ఊపిరితిత్తి చుట్టు గాలి చేరే రిస్క్ ఉంటది. పెట్ స్కాన్ కూడా 8 మిల్లీమీటర్ల లోపలివాటిని సరిగ్గ పట్టదు, ఇగ టీబీ, ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ స్కాన్ల క్యాన్సర్ లెక్కనే వెలుగుతది, ఈ ముక్క తమ్మునికి చదివి వినిపియ్యి. అడ్డం కొలత 5 మిల్లీమీటర్లు ఉన్నది 6.3 అయిందంటే గడ్డ మొత్తం పరిమాణం రెండింతలైనట్టే, అంత సన్న తేడా పట్టాలంటే నడుమ టైం కావాలె. తమ్ముడు అప్పటికీ ఊకోకపోతే సీడీలు తీస్కపోయి ఇంకో క్యాన్సర్ డాక్టర్‌కు చూపెట్టుండ్రి, తప్పేం లేదు.

బీరువా వెతుకు చెల్లె, కరోనా టైంల చానా మంది ఛాతీ సీటీ తీయించుకున్నరు గదా, 2021ల అమ్మకు తీసింది ఏదన్నా దొరికి, అప్పుడు కూడా ఆ మచ్చ గంతే ఉన్నదని తేలితే సగం భయం అక్కడ్నే పోతది. వచ్చే స్కాన్ కూడా వీలైతే అదే సెంటర్‌ల తీయించు. ఈలోపు దగ్గుల రక్తం పడ్డా, ఆయాసం వచ్చినా, ఎముకల నొప్పి తగ్గకపోయినా, ఫిట్స్ వచ్చినా మూడు నెల్లు ఆగొద్దు, ఆ రోజే పోవాలె.

అమ్మకు మాత్రం చెప్పు. కీమో తట్టుకున్న మనిషి ఆమె, మీరు వంటింట్ల గుసగుసలాడుతుంటే ఆమెకు అర్థంగాదా, తెల్వకపోతే ఉన్నదానికంటే పెద్దగ ఊహించుకుంటది. "చిన్న మచ్చ ఉన్నదట అమ్మా, ఏందో తెల్వదు, మళ్ల చూస్తరట" అను, గంతే చాలు.

మేడారం కూడా ఆపకు. జాతర రెండేండ్లకోసారే గానీ సమ్మక్క సారలమ్మ గద్దెల కాడికి మామూలు రోజులల్ల కూడా జనం పోతనే ఉంటరు, గుంపు తక్కువ ఉన్నప్పుడు డాక్టర్‌ను ఒక మాట అడిగి తీస్కపో. బెల్లం కోసం అమ్మను కాంటా మీద నిలబెడ్తరు గదా, ఆ బరువు రాసి పెట్టుకో, తర్వాత ఊకెనే తగ్గుతుంటే డాక్టర్‌కు చెప్పాలె. ఆమె ఇష్టపడి అడుగుతున్నది, ఈ మూడు నెల్లు కూడా ఆమెవే గదా.

ఒకవేళ పెరిగిందనే తేలినా చేతులెత్తేసుడు ఉండదు, ముక్క తీసి చూసి హార్మోన్ గోలీలా, కీమోనా, ఏది పనిచేస్తదో అది మొదలువెడ్తరు. స్కాన్ తారీఖు ఫిక్స్ అయినప్పుడే రిపోర్ట్ వచ్చే రోజుకు డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీస్కో, ఫోన్‌ల వస్తే నువ్వొక్కదానివే తెరవకు, తమ్ముణ్ణి, అమ్మను పక్కన కూసోవెట్టుకొని డాక్టర్ నోటనే విను.