పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన బోటుకు నంబరు ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

విశాఖ చేపల రేవులో బోట్ల రిజిస్ట్రేషన్ పని నీకు అప్పగించారని విని సంతోషించాను. మత్స్యశాఖలో అదే పని చాలా ఏళ్లు చేసినవాణ్ణి కనుక, పొరుగు రాష్ట్రాల్లో కొని తెచ్చే బోట్ల గురించి రాస్తున్నాను.

సముద్ర చేపల వేట నియంత్రణకు ఒడిశాలో 1982 నాటి చట్టం, తమిళనాడులో 1983 నాటిది, మన దగ్గర 1994 నాటిది ఉన్నాయి. ఏ రాష్ట్రపు లైసెన్సు ఆ రాష్ట్రానిదే. పారాదీప్‌లో అమ్ముడైన బోటు కొద్ది రోజుల్లోనే మన జెట్టీకి చేరుతుంది గాని, దాని రికార్డు అంత త్వరగా రాదు. అందుచేత యజమాని తెచ్చిన నిరభ్యంతర పత్రంతో తృప్తిపడకుండా, దానిని ఇచ్చిన కార్యాలయానికి నేరుగా ఉత్తరం రాసి, పత్రం నిజమైనదేనా, బ్యాంకు అప్పు తీరిందా, నిషేధ కాలంలో వేటాడిన కేసు ఏదైనా మిగిలిందా అని అడిగి తెలుసుకో. పాత నంబరు రద్దయినట్టు రాతపూర్వకంగా వచ్చేవరకు కొత్తది ఇవ్వవద్దు.

వివరాలు సరిచూసేటప్పుడు పేర్లను నమ్ముకోకు. మన ఇంటిపేర్లు ఒక్కో కార్యాలయంలో ఒక్కో రకం ఇంగ్లీషు అక్షరాల్లో నమోదవుతాయి. ఇంజను నంబరు ఒక్కటే చాలదు, ఇంజన్లు మార్చడం మామూలే. పొడవు, వెడల్పు, లోతు నువ్వే టేపు పట్టి కొలిచి, కట్టిన సంవత్సరంతో సహా, చేపల బోట్ల రిజిస్ట్రేషన్‌కు దేశమంతటికీ ఉన్న ఆన్‌లైన్ వ్యవస్థ రియల్‌క్రాఫ్ట్‌లోని నమోదుతో పోల్చు.

2008లో ముంబైపై దాడికి వచ్చినవారు పోర్‌బందర్ చేపల బోటు 'కుబేర్'ను వశం చేసుకున్న తరువాత ఈ పనిని దేశభద్రతతో ముడిపెట్టి చూస్తున్నారు. అది సబబే. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది బోటులోని మనుషులు. ఒకసారి తుపానులో ఇంజను ఆగి కొట్టుకుపోతున్న బోటు నంబరును బట్టి కబురు పాత యజమాని ఇంటికి వెళ్లింది. అతను దానిని అమ్మి ఏడాది దాటింది, రెండు కార్యాలయాల్లోనూ ఆ మార్పు ఎక్కలేదు. సరంగు, కళాసీలు ఎవరో తెలిసి వారి ఇళ్లకు సంగతి చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఆ ఆడవాళ్లు రేవులో నిలబడి అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేకపోయింది.

కనుక మన బోటు బయటి రాష్ట్రానికి అమ్ముడైనప్పుడు అవతలివారు అడిగేవరకు ఆగకుండా, పూర్తి రికార్డును అదే రోజు పంపించు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధమైన ఆ 61 రోజుల్లో, బోట్లు రేవులోనే ఉంటాయి. పాత నంబరు చెరిపి కొత్త రంగు వేయించుకోవడానికీ అదే అదను. ఆ రోజుల్లో బల్ల దగ్గర తక్కువగా, జెట్టీ మీద ఎక్కువగా ఉండు.

ఇట్లు,
మీ మామయ్య