దీవిలో రెండు వారాల కోర్సుకు పంపాలా?

"మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సెలవుల్లో ఒక దీవిలో రెండు వారాల ఎకాలజీ కోర్సుకు వెళ్తానని పట్టుబట్టింది. వాళ్ల నాన్నేమో అది విహారయాత్రే అంటున్నారు. రేపు చదువుకి పనికొస్తుందా?" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, విహారయాత్రో చదువో తేలాలంటే నిర్వాహకుల్ని ఒక్కటే అడగండి: అక్కడ మా పాప తన చేత్తో ఏం కొలుస్తుంది? పడవ షికారు, ఫొటోలు, సాయంత్రం ఒక లెక్చరు అని చెబితే నాన్నగారి మాటే నిజం. అలా కాకుండా, ఒడ్డు నుంచి లోపలికి టేపు పరిచి, ఐదేసి మీటర్లకు ఒక చదరపు ఫ్రేము పెట్టి, అందులో పడిన నత్తల్ని, పీతల్ని, మొక్కల్ని వంగి వంగి లెక్కపెట్టిస్తాం, రెండ్రోజులాగి అదే చోట మళ్లీ లెక్కపెట్టిస్తాం అంటే నిశ్చింతగా పంపండి.

దీవే ఎందుకంటే, దానికి హద్దు ఉంటుంది కాబట్టి ఏ జాతి వచ్చిందో ఏది పోయిందో లెక్క తేలుతుంది. 1960ల్లో జీవశాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్, ఆయన విద్యార్థి సింబర్లాఫ్ అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో చిన్న చిన్న మడచెట్ల దీవులకు గుడారంలా కప్పేసి, లోపల పొగబెట్టి పురుగులన్నిటినీ చంపేసి, మళ్లీ ఏవి ఎప్పుడొచ్చి చేరతాయో నెలల తరబడి చూశారు. బాగా దూరంగా ఉన్న దీవి తప్ప మిగతావాటిలో ఏడాది తిరక్కుండానే జాతుల సంఖ్య దాదాపు మునుపటికి వచ్చేసింది. హైస్కూలు పిల్లలు అంత చేయక్కర్లేదు గానీ పద్ధతి మాత్రం అదే, ఓపిగ్గా లెక్కపెట్టడం.

అంతరించిపోయే జాతుల్ని కాపాడే పనిలోనూ అంతే ఓపిక కావాలి. 1980లో న్యూజీలాండ్‌కు చెందిన చాథమ్ దీవుల్లో నల్ల రాబిన్ పిట్టలు ఐదంటే ఐదే మిగిలాయి, అందులో పిల్లల్ని చేసే ఆడపిట్ట ఒక్కటే. దాని గుడ్లు తీసి వేరే జాతి పిట్ట గూట్లో పెడితే అది మళ్లీ గుడ్లు పెట్టేది, అలా ఏళ్ల తరబడి కాపలా కాసి ఆ జాతిని నిలబెట్టారు. ఇవాళ ఉన్నవన్నీ దాని సంతానమే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది, మీ అమ్మాయికీ చెప్పండి.

ఇంకోటి, పడవ ఎక్కే ముందు పిల్లల బూట్లు, సాక్సులు, బ్యాగు జిప్పులు విప్పించి బయటి మొక్కలు దీవిలోకి చేరకుండా అతుక్కున్న గింజలు ఏరించే వాళ్లయితే ఆ పని తెలిసినవాళ్లని అర్థం. లైఫ్ జాకెట్లు, దగ్గర్లో వైద్యం సంగతి ఎలాగూ అడుగుతారు.

సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకండి. దానితో సీటు రాదు. తను పెన్సిల్‌తో (తడిస్తే ఇంకు అలుక్కుపోతుంది) రాసుకున్న నోట్‌బుక్కే రేపు ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి పనికొస్తుంది. మ్యాథ్స్ మాత్రం వదలనివ్వకండి, ఈ రంగంలో స్టాటిస్టిక్స్ రాకపోతే అడుగు ముందుకు పడదు. మూడో రోజుకే విసుగొచ్చిందంటే తిట్టకండి, అది డిగ్రీలో చేరాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడమే మేలు. డబ్బు కట్టే ముందు పోయినేడాది పిల్లల నోట్‌బుక్ ఒకటి చూపించమని అడగండి.