ఆషాఢం దాకా ఆగేది, ఆగనిది

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నీ స్టూడియో కంప్యూటర్ చేస్తోందని నువ్వు పంపిన చప్పుడు రెండుసార్లు విన్నాను. టక్ టక్, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టక్. అది ఫ్యాన్ కాదు. హార్డ్ డిస్క్‌లో పళ్లేల మీద ఆడే చెయ్యి తన చోటు గుర్తుపట్టలేక, మొదటికి వచ్చి మళ్లీ వెతుక్కుంటోంది. ఆల్బమ్‌లో ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి వస్తున్నానన్నావు. తెర మీద రంగుల బంతి ఆగకుండా తిరుగుతోందన్నావు. అన్నీ ఒకే జబ్బు. 2011 నాటి ఐమ్యాక్, అంటే తెర, కంప్యూటర్ ఒకే పెట్టెలో ఉన్న యాపిల్ యంత్రం, నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్, తెనాలి ఉక్కలో ఇన్నేళ్లు పనిచేసింది. దాన్ని తిట్టకు.

"ఇప్పుడు వైశాఖం ముహూర్తాలు ఊపిరాడనివ్వడం లేదు బాబాయ్, ఆషాఢంలో స్టూడియో ఖాళీగా ఉంటుంది, అప్పుడు మారుస్తాను" అన్నావు. అందులో సగం ఒప్పుకుంటాను. యంత్రం విప్పడానికి ఆషాఢం దాకా ఆగవచ్చు. లోపలి ఫోటోలు బయటికి తీయడానికి మాత్రం రేపటి దాకా కూడా ఆగకూడదు. ఈ రెంటినీ నువ్వు ఒకే పని అనుకుంటున్నావు. డిస్క్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మాఘంలో తీసిన పెళ్లిళ్లు ఇంకా నువ్వు ఎవరికీ అప్పగించలేదు. వాళ్లను మళ్లీ పీటల మీద కూర్చోబెట్టగలవా?

కాబట్టి ఈ ఉత్తరం చదవగానే ఆ కంప్యూటర్ మీద పని ఆపు. మ్యాక్‌లో డిస్కును పరీక్షించే డిస్క్ యుటిలిటీ ప్రోగ్రాంలో ‘వెరిఫైడ్’ (బాగానే ఉంది) అని చూపిస్తోందని ధైర్యం చెప్పుకోకు. చివరి రోజు దాకా అదే మాట చూపించి పోయిన డిస్కులను చాలా చూశాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను ‘స్మార్ట్’ అంటారు, అవి పూర్తిగా చూపించే ప్రోగ్రాం ఉంటే 5వ నంబరు, 197వ నంబరు వరుసలు చూడు. మొదటిది పాడైపోయి పక్కకు తప్పించిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గళ్ల) లెక్క, రెండోది చదవలేక ఇంకా తేల్చుకోని వాటి లెక్క. రెండోది సున్నా కాకపోతే ఇక వాదన అక్కర్లేదు.

మరమ్మతు ప్రోగ్రాములు నడపకు. డిస్క్ యుటిలిటీలోని ఫస్ట్ ఎయిడ్ కూడా వద్దు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నేను బల్ల వేసుకుని కూర్చున్న రోజుల్లో ఒకాయన డిస్క్ పట్టుకొచ్చాడు. మూడు రాత్రులు వరుసగా ఏదో బాగుచేసే సాఫ్ట్‌వేర్ నడిపాడట. మొదటి రాత్రే తెచ్చి ఉంటే చాలావరకు దక్కేది. అరిగిపోయిన గుండెను పరుగెత్తించి పరీక్షించినట్టు అయింది. ఇంకొకాయన ఎవరో చెప్పారని డిస్క్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. బయటికి తీయగానే మన గాలిలోని తేమంతా దాని మీదే చేరింది. ఆ చిట్కా నీకు ఎవరు చెప్పినా విని ఊరుకో.

ఇప్పుడు కాపీ సంగతి. నీ ఐమ్యాక్‌లో ఉన్నవి యూఎస్‌బీ 2.0 పోర్టులు. సెకనుకు ముప్పై, ముప్పై అయిదు మెగాబైట్లకు మించి రావు. ఒక టెరాబైటు తీయాలంటే డిస్క్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. పైగా సిస్టమ్ కూడా అదే డిస్క్ మీద నడుస్తూ దాన్ని ఇంకా బాధపెడుతుంది. అందుకని టార్గెట్ డిస్క్ పద్ధతి వాడు. ఆన్ చేసేటప్పుడు ‘టి’ మీట నొక్కి పట్టుకుంటే ఐమ్యాక్ మొత్తం ఒక బయటి డిస్క్‌లా మారిపోతుంది. యూఎస్‌బీ 2.0 కన్నా చాలా వేగమైన థండర్‌బోల్ట్ తీగతో నీ మ్యాక్‌బుక్‌ ల్యాప్‌టాప్‌కు కలుపు. తీగ కొన సరిపోకపోతే మధ్యలో అడాప్టర్ వేసుకోవాలి. మ్యాక్‌బుక్‌కు ఇంకోవైపు కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించు.

మొత్తాన్ని ఒకేసారి లాగకు. ఒక్క ఫైలు దగ్గర చదవడం ఆగితే కాపీ అంతా ఆగిపోతుంది. ముందు ఇంకా అప్పగించని పెళ్లిళ్ల అసలు ఫోటోలు, ఒక్కో పెళ్లి ఒక్కో విడతగా. తరవాత ఆల్బమ్ పేజీలు. ఆ తరవాత బిల్లులు, పార్టీల ఫోను నంబర్లు. ప్రోగ్రాముల జోలికి పోవద్దు, అవి మళ్లీ వేసుకోవచ్చు. ఏదైనా ఫోల్డర్ మొండికేస్తే దాన్ని వదిలి ముందుకు వెళ్లు. మిగిలిన మొండివాటికి డీడీరెస్క్యూ అనే ఉచిత పనిముట్టు ఉంది. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసుకుని, పాడైన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా నష్టం లేదు. దాన్ని నడపడానికి ముందు నాకు ఫోను చెయ్యి. మూలం ఏదో గమ్యం ఏదో తారుమారైతే ఖాళీ డిస్క్‌ను తెచ్చి ఫోటోల మీద రుద్దినట్టవుతుంది. గదిలో ఏసీ వేసి ఉంచు. యూపీఎస్ మీద పెట్టు, కరెంటు పోతే ఈ వయసు డిస్క్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇదంతా అయ్యాక ఆషాఢం రానివ్వు.

కొత్తగా వేసేది ఎస్‌ఎస్‌డి, అంటే లోపల తిరిగే భాగాలేవీ లేని డిస్క్. మళ్లీ తిరిగే డిస్క్ కొనకు. రెండున్నర అంగుళాల సాటా (పాత డిస్కుల తీగే పట్టే) రకం అని స్పష్టంగా అడుగు. చూయింగ్ గమ్ పలకలా ఉండేది అంటగట్టబోతారు, అది ఇందులో పట్టదు. దానితోపాటు మూడున్నర అంగుళాల చోట్లో కూర్చోవడానికి బిగింపు చట్రం కావాలి. ఇంకా నక్షత్రం తల టీ10, టీ8 స్క్రూడ్రైవర్లు, అద్దాలు బిగించేవాళ్లు వాడే రబ్బరు సక్షన్ కప్పులు రెండు.

ముందు ప్లగ్గు తీసెయ్యి. పవర్ బటన్ అయిదు సెకన్లు నొక్కు. లోపల కరెంటు సరఫరా చేసే బోర్డును ప్లగ్గు తీశాక కూడా ముట్టుకోవద్దు, దాని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. యంత్రాన్ని దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టు. ముందున్న గాజు జిగురుతో అంటించింది కాదు, అయస్కాంతాలతో పట్టుకుని ఉంటుంది. పైరెండు మూలల్లో కప్పులు అంటించి నిటారుగా పైకి లేపు. గాజు పై అంచు కింద ఉక్కు పిన్నులు ఉంటాయి, అవి బయటపడ్డాకే నీ వైపు కాకుండా పైవైపుకు జరుపు. తీసిన గాజును లోపలి వైపు వేలితో తాకకు. తెల్లటి గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట పెట్టు.

తరవాత తెర. ఎనిమిది టీ10 స్క్రూలు. విప్పడం సులభమే, మళ్లీ బిగించేటప్పుడు చూడాలి తమాషా. చట్రంలోని అయస్కాంతాలు స్క్రూను నీ చేతిలోంచి లాక్కుని ఎక్కడో అంటించుకుంటాయి. విసుక్కోకు. తెర పై అంచు కొద్దిగా లేపగానే నాలుగు సన్నటి తీగలు కనిపిస్తాయి. ఒకళ్లు తెర పట్టుకుంటే ఇంకొకళ్లు అవి విప్పాలి. ఆ పనికి మా వదినను పిలువు, అన్నయ్యను పిలవకు. ఆయన తెర పట్టుకోవడానికి బదులు సలహాలు చెప్పడం మొదలుపెడతాడు, నా సంగతి తెలుసు కదా, అదే రక్తం. ప్రతి తీగ విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకో. ఫోటోగ్రాఫర్‌కు ఇది చెప్పాలా అనుకోకు, ఆ కంగారులో ఎవరికీ గుర్తుండదు.

డిస్క్ విప్పడం పది నిమిషాల పని. చిక్కు ఇంకోచోట ఉంది. ఈ 2011 మోడల్‌లో డిస్క్ వేడిని చెప్పే సంకేతం దాని కరెంటు తీగలోంచే వెళుతుంది. 2009, 2010 మోడళ్లలో దానికి వేరే తీగ ఉండేది. నువ్వు మామూలు ఎస్‌ఎస్‌డి పెట్టగానే ఆ సంకేతం ఆగిపోతుంది. వేడి తెలియని యంత్రం భయపడి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది. ఏదో తప్పు బిగించాననుకుని జనం మళ్లీ విప్పేది ఇక్కడే. మధ్యలో కలిపే సెన్సార్ తీగ విడిగా అమ్ముతారు, అది వేసుకోవడం మేలు. దొరక్కపోతే ఫ్యాన్ వేగాన్ని అదుపు చేసే మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ లాంటి ప్రోగ్రాం ఉంది. ఎస్‌ఎస్‌డి పెద్దగా వేడెక్కదు కాబట్టి దానితోనూ నడుస్తుంది.

గాజు మూసే ముందు, తీగలన్నీ కలిపి, ఒకసారి వెలిగించి చూడు. ఆ తరవాతే దుమ్ము తుడిచి మూయి. ఒక్క నలుసు లోపల మిగిలినా పెళ్లికూతురి బుగ్గ మీద పుట్టుమచ్చలా రోజూ నిన్ను వెక్కిరిస్తుంది.

సిస్టమ్ వేయడానికి హై సియెర్రా అనే మ్యాక్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ ముందే తయారు చేసుకో. నీ మోడల్‌కు యాపిల్ అధికారికంగా ఇచ్చిన చివరిది అదే. 2019 అక్టోబరుకు ముందు దించిన ఫైలైతే ‘పాడైపోయింది’ అని అబద్ధం చెబుతుంది, దాని సర్టిఫికెట్ గడువు అప్పుడు ముగిసింది. కొత్తగా దించుకో. యంత్రంలో తేదీ కూడా సరిచూసుకో. అంతా అయ్యాక టెర్మినల్‌లో (ఆజ్ఞలు టైపు చేసే ప్రోగ్రాంలో) ట్రిమ్‌ఫోర్స్ ఎనేబుల్ ఆజ్ఞ ఇవ్వు. చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డికి చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు, యాపిల్‌ది కాని ఎస్‌ఎస్‌డికి తనంతట తాను పనిచేయదు.

మీ అక్క దగ్గరున్న ఐమ్యాక్ 2013ది. దాన్ని నువ్వు ముట్టుకోకు. 2012 చివరి నుంచి వచ్చినవాటిలో తెరను జిగురు పట్టీలతో అంటించారు, కోసి తీసి కొత్త పట్టీలు వేయాలి. వాటికి యూఎస్‌బీ 3 ఉంది కాబట్టి, డిస్క్ పాడైతే వెనక బయట ఒక ఎస్‌ఎస్‌డి తగిలించి దాని మీదే సిస్టమ్ నడుపుకోమను.

పాత డిస్క్‌ను చెత్తలో వేయకు, పాత సామాన్లవాడికి అసలే ఇవ్వకు. ఎవరెవరి ఇళ్ల ఆడపిల్లల ఫోటోలో అందులో ఉన్నాయి. కాపీ కానివి ఏవైనా మిగిలితే దాన్ని నువ్వు విప్పకుండా నాకు పంపు. హైదరాబాద్ వచ్చేవాళ్ల చేతికి ఇస్తే చాలు, మెత్తటి బట్టలో చుట్టి ఇవ్వు.

మొదటి పెళ్లి కాపీ అవ్వగానే ఈ రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి. గాజు విప్పే రోజు మాత్రం పొద్దున్నే మొదలుపెట్టు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను నిద్రపోతాను, ఎత్తను.

బాబాయి